ఉరుము మళ్లీ వచ్చేదాకా

మా బావమరిదిని వాళ్ల ఆఫీసులో 'నిశ్శబ్దంగారు' అంటారు. ఎదురుగా కాదు, అతను మెట్ల మలుపు తిరిగాక. ఎవరైనా టీ గ్లాసు బల్ల మీద ఠకీమని పెట్టినా, కుర్చీ నేల మీద ఈడ్చినా తల తిప్పి ఒక చూపు చూస్తాడు. నోరు విప్పి ఏమీ అనడు. ఆ చూపుకే కుర్చీ ఈడ్చిన మనిషి లేచి, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తినట్టు దాన్ని రెండు చేతులా ఎత్తి పక్కన పెడతాడు.

చప్పుళ్లను పట్టి తేవడం అతని ఉద్యోగం. వాళ్ల మ్యూజియంలో కింది అంతస్తుల్లో రాళ్లూ, ఎముకలూ, గాజుపెట్టెల్లో సీతాకోకచిలుకలూ ఉంటాయి. మూడో అంతస్తులో, డాబా మీదికి వెళ్లే మెట్ల పక్కన, చూడ్డానికి ఏమీ లేని గది ఒకటి కొత్తగా కట్టారు. అందులోకి వెళ్లి చీకట్లో కూర్చుంటే రాతిలోయ వినబడుతుంది. మనుషులు లేని ఒక పెద్ద లోయలో అతను ఒక కాలమంతా మైకులు పెట్టుకుని కూర్చుని, పగటివీ రాత్రివీ చప్పుళ్లన్నీ పట్టుకొచ్చాడు. వాటితో ఒక పూర్తి రోజును గంటసేపటికి కుదించి, అయిపోగానే మళ్లీ మొదలయ్యేట్టు ఏర్పాటు చేశాడు. సోమవారం ఉదయం నుంచి జనాన్ని రానిస్తారు.

నేను సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైనవాణ్ణి. లోయ అంటే నాకు గోధుమరంగు గీతలు. గీతలు ఎడంగా ఉంటే నేల మెల్లగా వాలుతోందని, ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నట్టు ఉంటే గోడలా నిటారుగా దిగుతోందని లెక్క. అలాంటివి ఎన్నో గీశాను గానీ ఒక్కదాంట్లోకీ దిగలేదు. మా ఆవిడ పోయాక శనివారం మధ్యాహ్నాలు నాకు గడవవని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. అప్పట్నుంచీ ప్రతి శనివారం నాతో ఏదో ఒక పని పడుతోంది అతనికి. "నీవి మామూలు మనిషి చెవులు బావా, నాకు కావలసింది అవే" అంటాడు. అతను పోగొట్టుకున్నదీ సొంత అక్కనే. అది లోపల పెట్టుకుని నాకు పని వెతికేవాడు.

ఆ శనివారం ఒంటిపూట ఆఫీసు. నేను వెళ్లేసరికి అందరూ వెళ్లిపోయారు. అతను లోయ గదికి ముందున్న చిన్న గదిలో నిలబడి, చొక్కా పైకెత్తి పొట్టలో ఇన్సులిన్ సూది వేసుకుంటున్నాడు. పక్కనే బల్ల మీద భోజనం క్యారేజీ ఉంది.

"సరిగ్గా వేళకొచ్చావు. పద, ఉరుమొస్తోంది."

"ముందు అన్నం తిను. సూది వేసుకున్నావు కదా."

"క్యారేజీ ఎక్కడికీ పారిపోదు బావా. ఉరుము పారిపోతుంది. అదొక్కటి విని వచ్చి తింటా. ఇప్పుడు పోతే మళ్లీ గంటదాకా రాదు."

"ఉరుములో వినడానికి ఏముందిరా కొత్తగా?"

"కొత్తగా ఏమీ వినబడదు. అదే గొప్ప."

ఆ గొప్ప ఏమిటో చేతులు తిప్పుతూ చెప్పాడు. ఉరుము వచ్చినప్పుడల్లా గదిలో ఏదో సన్నగా గిలగిలమనేదట. నెల రోజులు దాని వెంట పడ్డాడు. దీపం మార్పించాడు, బెంచీ మేకులు బిగించాడు, డాక్టరు రోగి వీపు మీద చెయ్యి ఆనించినట్టు గోడలన్నీ తడిమాడు. చివరికి దొంగ దొరికింది. తలుపుకు లోపలివైపున్న హ్యాండిల్.

"నిన్న సాయంత్రం పీకేశాను. లోపలి కడ్డీతో సహా. బయటి హ్యాండిల్ కడ్డీ వేరు. ఆ చిల్లులో రబ్బరు కుక్కేశాను. సోమవారం పొద్దున్నే వడ్రంగి వచ్చి కదలని హ్యాండిల్ ఒకటి బిగిస్తాడు. ఇక ఎవడన్నా ఒక్క గిలగిల వినిపించమను, చెవులు కోయించుకుంటా."

గది ముందు ఒక వెదురుబుట్ట ఉంది. చప్పుడు చేసేది ఏదైనా అందులో పెట్టి లోపలికి వెళ్లాలి. ఫోన్లు, తాళాలు, చిల్లర, చేతి గడియారం. నావి నేను పెట్టాను, అతనివి అతను పెట్టాడు.

"ఊపిరి కూడా ఇందులోనే పెట్టి రావాలా?"

"పెడితే మంచిదే. కాకపోతే అక్క ఊరుకోదు."

ఆమె ఇంకా ఇంట్లో ఉన్నట్టే ఇద్దరం మాట్లాడుకుంటాం. అది మాకు అలవాటు.

తలుపు జానెడు మందం. అది పూర్తిగా పడకుండా కింద ఒక చెక్కముక్క అడ్డం పెట్టి ఉంది. లోపలికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాం. ఆ సందులోంచి వరండాలోని ఫ్యాను రొద వస్తోంది. అతను మొహం చిట్లించాడు. లేచి వెళ్లి, ఆ చెక్కముక్కను పాదంతో బయటికి నెట్టి, తలుపును రెండు చేతులతో తోసి మూసేశాడు. తలుపు అంచులకున్న రబ్బరు మెత్తగా నిట్టూర్చింది. ఫ్యానూ, వీధీ, ఊరూ ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు పోయాయి.

మూలన గోరంత దీపం. నాలుగు గోడలకూ బూడిదరంగు గుడ్డ, దాని వెనక స్పాంజి. గది రెండు బారలు కూడా ఉండదు. కళ్లు మూసుకుంటే మాత్రం దానికి హద్దు లేదు. ఎక్కడో చాలా ఎత్తున గాలి రాతి అంచుల్ని రాసుకుంటూ పోతోంది. ఒక గులకరాయి జారి, ఆగి, మళ్లీ జారి, వినబడనంత కిందికి పోయింది. అప్పుడు ఉరిమింది. పెద్దగా కాదు, ఏదో బరువైన సామాను పై అంతస్తులో జరిపినట్టు. ఆ ఉరుము ఎదుటి గోడకు తగిలి తిరిగొచ్చింది. ఇంకో మలుపు దగ్గర మరోసారి పలికింది. మలుపు మలుపుకూ గొంతు తగ్గించుకుంటూ పోయింది. నేను గీసిన గోధుమరంగు గీతలకు గొంతు వచ్చినట్టు అనిపించింది.

అతను నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. "విన్నావా?"

"ఏం విన్నాను?"

"ఏమీ వినలేదు కదా! అదే!"

యాభై దాటిన మనిషి పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వాడు. వాన మొదలైంది. తరవాత లోయ అడుగున వరద నీళ్లు రాళ్లను దొర్లించుకుంటూ వచ్చాయి. కాస్సేపు విన్నాం.

"పద బావా, తిందాం. ఆకలిగా ఉంది" అని లేచి, తలుపు దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు.

చెయ్యి గుడ్డ మీద పడింది. అటు తడిమింది, ఇటు తడిమింది. తరవాత కదలకుండా ఉండిపోయింది.

అతను నావైపు తిరగలేదు. నాకు ముందు నవ్వొచ్చింది.

"నిశ్శబ్దంగారూ, తలుపు తియ్యండి."

"బావా."

"ఊఁ."

"నవ్వకు."

నేను లేచి వెళ్లి చూశాను. హ్యాండిల్ ఉండాల్సిన చోట నలుచదరపు చిల్లు, దాని నిండా నల్ల రబ్బరు. నా జేబులో చేతిరుమాలు, కలం తప్ప ఏమీ లేవు. కలంతో రబ్బరును గీకాను. కొంచెం ఊడింది, ఇంకొంచెం లోపలికి పోయింది. అతను బెల్టు తీసి దాని ముల్లు దూర్చాడు. ముల్లు వంగింది. ఇద్దరం కలిసి భుజాలు ఆనించి తోశాం. లోపలికి తెరుచుకునే తలుపును తోసి ఏం లాభమని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. పట్టుకుని లాగడానికి ఎక్కడా వేలెడు అంచు లేదు.

నేను గొంతెత్తి అరిచాను. నా కేక నోటి దగ్గరే ఆగిపోయింది. ఆ గోడలు దాన్ని మింగేశాయి.

"అరవకు. ఈ గది కట్టించింది నేనే" అన్నాడు నేల మీద కూలబడుతూ. "గోడ లోపల ఇంకో గోడ. ముగ్గుర్ని లోపల కూర్చోబెట్టి గొంతులు చించుకునేలా పాడించాను. బయట చెవి ఆనించి విన్నాను. ఒక్క అక్షరం రాలేదు. ఆ సంతోషానికి ఆఫీసంతా స్వీట్లు పంచాను."

"నీ ఇంటావిడ ఫోను చేస్తుంది కదా?"

"చేస్తుంది. ఎత్తకపోతే, బావగారితో ఉన్నాడు, కబుర్లలో పడి ఉంటాడనుకుంటుంది. చీకటి పడ్డాక కంగారు పడుతుంది."

చీకటి పడేదాకా మాకు ఇబ్బంది లేదు. గాలి ఎక్కడి నుంచో చప్పుడు లేకుండా వస్తూనే ఉంది. ఉక్కపోస్తుంది, అంతే. కానీ అతని ఒంట్లో పడ్డ మందు చీకటి పడేదాకా ఆగదు. వెంటనే అన్నం పడుతుందన్న నమ్మకంతో వేసుకున్న మందు అది. అన్నం పడకపోతే రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ ఊడ్చేస్తుంది. తరవాత మనిషి తూలతాడు. మాట తడబడుతుంది. ఆ తరవాతది నాకు తెలుసు. ఒకసారి పెళ్లివారింట్లో అతను అలా పడిపోతే, మా ఆవిడే తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని పంచదార నాలుక కింద రుద్దింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు.

"జేబులో చక్కెర బిళ్లలు ఉంచుకుంటావు కదా?"

అతను తలుపు వైపు చూశాడు.

"కాగితం గరగరలాడుతుందని..." అన్నాడు చివరికి.

నేను చేతిరుమాలు తీసి ఇచ్చాను. ఇస్త్రీ చేసింది, చల్లగా ఉంది. ఆ గదిలో అతనికి ఇవ్వడానికి నా దగ్గరున్నది అదొక్కటే. అతను దాన్ని మెడ మీద వేసుకుని బెంచీకి ఆనుకుని కూర్చున్నాడు.

లోయలో వరద తగ్గింది. రాత్రి అయింది. రాతి గుంటల్లో నిలిచిన నీళ్లలో కప్పలు మొదలుపెట్టాయి. ముందు ఒకటి, దానికి జవాబుగా గోడకు అటువైపు నుంచి ఇంకొకటి, తరవాత లోయంతా. పైన రాళ్ల మీంచి నీటిబొట్లు పడుతున్నాయి. ఒక్కో బొట్టుకు ఒక్కో లోతు. మామూలుగా అయితే ఎంత హాయిగా ఉండేదో. ఆ హాయి అంతా మా చుట్టూ పరుచుకుని ఉంది, మాకు కాళ్లు చాపుకునే చోటు లేదు.

"దీన్ని ఆపడానికి లేదా?"

"మిషన్ బయట ఉంది. దాన్ని కూడా లోపల పెట్టలేదు. ఫ్యాను ఉంటుంది దానికి."

"నువ్వు నీ మిషన్లూ..."

"తిట్టు బావా, తిట్టు. అక్క బదులు కూడా తిట్టు."

తిట్టలేదు. కప్పల గురించి అడిగాను. మాట్లాడుతుంటే మెలకువగా ఉంటాడని. ఒక్కో కప్ప ఎక్కడ కూర్చుందో, దానికోసం తాను మోకాళ్ల లోతు బురదలో ఎలా నిలబడ్డాడో చెప్పాడు. గుడ్లగూబ కూసినప్పుడు, అది ఆడదనీ, మగది అవతలి గట్టు మీది నుంచి ఇప్పుడు బదులిస్తుందనీ అన్నాడు. ఇచ్చింది. అతని మాట తేటగానే ఉంది. ప్రాణం కుదుటపడింది. అంతలో గోరంత దీపం వెలుతురులో అతని చేతిని చూశాను. మోకాలి మీద పెట్టుకున్న వేళ్లు వాటంతట అవే వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట గింజలు కట్టింది.

తెల్లవారింది, లోయలో. ఒక చిన్న పిట్ట పై అంచు మీద నుంచి మెట్లు దిగుతున్నట్టు ఈల వేసింది. ఈల దిగుతూ దిగుతూ అడుగుదాకా వచ్చి ఆగింది. అతను మెల్లగా అన్నాడు:

"ఒక మాట చెబుతాను. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

"చెప్పు."

"ఈ గది పూర్తిగా కుదరలేదు బావా. అన్నీ ఆపగలిగాను. మాట, పాట, కేక. ఉరుమును ఆపలేకపోయాను. దాని అడుగు స్వరం నేలలోకి దిగిపోతుంది. ఒకరోజు కింది గదిలో చూస్తే గాజుపెట్టెల్లో సీతాకోకచిలుకలు వణుకుతున్నాయి. ఎవరూ చూడకముందే పైకొచ్చి, ఆ అడుగు స్పీకరును బాగా తగ్గించేసి, మళ్లీ ఎవరూ తిప్పకుండా టేపు వేశాను. ఇందాక నువ్వు విన్నది సగం ఉరుము కూడా కాదు." బెంచీ కిందికి వేలు చూపించాడు. "ఇంత చేసి, సగం ఉరుము."

బెంచీ కింద చూశాను. గోడవారన బియ్యం డబ్బా అంత నల్ల పెట్టె ఉంది. దాని వెనక ఒక బొత్తాం, బొత్తాం మీద ఎర్ర టేపు.

"దాన్ని పూర్తిగా పెంచితే?"

"నేల అదురుతుంది. మెట్లు అదురుతాయి."

"బయటికి తెలుస్తుందా?"

అతను నన్ను తేరిపార చూశాడు. నా ఆలోచన అర్థమైంది. అర్థమైన మరుక్షణం ముఖం మాడ్చుకున్నాడు.

"చిరిగిపోతుంది బావా. అంత ఉరుముకు ఆ స్పీకరు పొర తట్టుకోలేదు. సోమవారం జనం వస్తున్నారు. ఇలాంటిది మళ్లీ తెప్పించాలంటే నెలలు పడుతుంది."

"నీ ప్రాణం కంటే ఎక్కువా అది?"

"నా ప్రాణానికేమైంది? నిక్షేపంగా ఉన్నాను. కొంచెం ఆకలి, అంతే."

వాదించలేదు. ఉరుము రావడానికి ఇంకా చాలా ఉంది. లోయలో అప్పుడే ఎండ ఎక్కుతోంది. గుండ్రంగా తిరిగే ఆ రోజును తొందరపెట్టడానికి మార్గం లేదు. మధ్యాహ్నం రావాలి, గాలి లేవాలి, గులకరాయి జారాలి. నేను జీవితంలో ఎప్పుడూ ఒక మబ్బు కోసం అలా ఎదురుచూడలేదు.

ఎండ వేళ లోయ దాదాపు మౌనంగా ఉంది. వేడికి రాళ్లు టిక్కుమంటున్నాయి. ఒక ఈగ చెవి పక్కనుంచి పోయింది. అప్పుడు పైనెక్కడో ఒక పక్షి గరగరమని అరిచింది. కాకి కంటే బొంగురుగా, ఎవరో చెక్కపెట్టె మూత తెరిచినట్టు. నేను మామూలుగానే అడిగాను.

"అదేం పిట్టరా?"

అతను తల ఎత్తలేదు.

"ఏదో పిట్ట."

ఈ మనిషి తన పెళ్లిలో తాళి కట్టబోతూ ఆగి, కిటికీ బయట కూసిన పిట్ట పేరు చెప్పినవాడు. ఇన్నేళ్లలో ఏదో పిట్ట అన్న మాట అతని నోట నేను వినలేదు. వంగి ముఖం చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఒరే, ఇటు చూడు. నేనెవరు?"

"బావవి. పిచ్చి ప్రశ్నలు వెయ్యకు." మాట ముద్దముద్దగా వచ్చింది.

బెంచీ కింద చెయ్యి పెట్టి ఎర్ర టేపు పట్టుకున్నాను. అంతవరకూ లేవలేనట్టున్న మనిషి ఒక్కసారిగా నా చెయ్యి విదిలించికొట్టాడు. పాకుతూ వెళ్లి ఆ పెట్టెను రెండు చేతులతో కావలించుకుని కూర్చున్నాడు.

"ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు."

"బాబ్బాబు, జరుగు."

"జరగను. మీరందరూ ఇంతే. పాడు చేస్తారు. కుర్చీలు ఈడ్చేవాళ్లు. నువ్వూ అంతే."

ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి. అది అతని మాట కాదని, తగ్గిపోతున్న చక్కెర మాట అని నాకు తెలుసు. తెలిసినా నొప్పి పెట్టింది. అతన్ని లాగడానికి ప్రయత్నించాను. నాకు బలం చాలలేదు. అతనికి ఉన్న ఆ కొద్ది బలాన్ని అలా ఖర్చు పెట్టించడం ప్రమాదమని కూడా తోచింది.

గాలి లేచింది. ఎత్తున, రాతి అంచుల్ని రాసుకుంటూ.

ఉరుము వచ్చేస్తోంది. ఇది పోతే మళ్లీ రోజంతా తిరగాలి. అంతసేపు అతను నిలవడు. బతిమాలడం, భయపెట్టడం, అక్క పేరు చెప్పడం, అన్నీ మనసులో తిప్పి చూశాను. ఏదీ అతని చెవికెక్కదు. ఆ సమయంలో అతనిలో ఇంకా మేలుకుని ఉన్నది ఏమిటని ఆలోచించాను. పక్కన కూర్చుని, రహస్యం చెబుతున్నట్టు అన్నాను:

"ఒక మాట చెప్పనా? బాధపడతావని ఇందాక చెప్పలేదు."

"ఏంటి?"

"గిలగిల పోలేదు."

అతని తల లేచింది.

"ఉరుము వచ్చినప్పుడు విన్నాను. సన్నగా ఉంది. హ్యాండిల్ కాదది. ఇంకెక్కడో."

"అబద్ధం."

"నావి మామూలు మనిషి చెవులు. నాకే వినబడిందంటే సోమవారం అందరికీ వినబడుతుంది."

అతను గోడల వంక చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మసకేసిన కళ్లలో ఎక్కడో ఒక దీపం వెలిగినట్టయింది.

"ఏ మూల?"

"తెలియడం లేదు. ఉరుము చిన్నది కదా, పట్టుకోలేకపోయాను. పెద్దదైతే దొరికేది."

గులకరాయి జారింది. ఆగింది. మళ్లీ జారింది.

"పెంచితే దొరుకుతుంది" అన్నాడు తనలో తాను. వణుకుతున్న వేళ్లతో పెట్టె వెనక తడిమి, ఎర్ర టేపు పీకి, బొత్తాన్ని ఆఖరుదాకా తానే తిప్పాడు. "చెవి పెట్టి విను బావా. నువ్వు ఆ గోడ, నేను ఈ గోడ."

ఉరిమింది.

అది వినబడలేదు, తగిలింది. నేల నా అరికాళ్లను తన్నింది. పళ్లు కటకటలాడాయి. గోడ గుడ్డ లోంచి దుమ్ము రాలింది, దీపం రెపరెపలాడింది. ఎదుటి కొండకు తగిలి తిరిగొచ్చిన రెండో ఉరుము మొదటిదానికన్నా పెద్దదిగా అనిపించింది. మూడో మలుపు, నాలుగో మలుపు. లోయ మొత్తం ఆ చిన్న గదిలోకి నడిచొచ్చి నిలబడింది. తరవాత వరద. రాళ్లు దొర్లుతుంటే బెంచీ దానంతట అది జరిగింది. ఆ వరద మధ్యలో బెంచీ కింద ఏదో పర్రుమంది. గోనెపట్టా చింపినట్టు. పెట్టెలోంచి బుసబుస తప్ప ఇంకేమీ రాలేదు.

అతను గోడకు చెవి ఆనించి ఉన్నాడు.

"ఎక్కడా లేదు" అన్నాడు అయోమయంగా. గోడ వెంబడి అలాగే కిందికి జారిపోయాడు.

తల ఒళ్లోకి తీసుకున్నాను. బరువుగా ఉంది. బుగ్గలు తట్టాను, పిలిచాను. పెదవులు కదిలాయి, మాట లేదు. పై గోడల నుంచి బొట్లు పడటం మొదలైంది. ఆ బొట్లూ, అతని ఊపిరీ రెండూ వింటూ కూర్చున్నాను. ఒక బొట్టు పడ్డాక ఇంకో బొట్టు కోసం. ఒక ఊపిరి వచ్చాక ఇంకో ఊపిరి కోసం. కప్పలు వచ్చాయి. వాటిని జీవితంలో మళ్లీ వినలేననుకున్నాను. ఎవరూ రాలేదు. శనివారం మధ్యాహ్నం ఖాళీ భవనంలో ఉరిమితే ఎవరికి పట్టింది? ఆకాశం ఉరిమిందనుకుంటారు, కిటికీ వేసుకుంటారు.

అప్పుడు కప్పల మధ్యలోకి ఒక ఫ్యాను రొద వచ్చింది.

తలుపు తెరుచుకుంది. వెలుతురులో ఒకామె, భుజాల నిండా తడిబట్టలు. మ్యూజియంలో నేలలు తుడిచే ఆమె, కింద వెనకవైపు గదిలో ఉంటుంది. చీరలూ, దుప్పట్లూ, పిల్లల గౌన్లూ మోసుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"ఏంటయ్యా ఇది! ఉరిమిందని పరుగెత్తుకొచ్చి బట్టలన్నీ లాగాక చూస్తే డాబా మీద ఎండ మండిపోతోంది. మబ్బు తునక లేదు. మళ్లీ ఉరుమొస్తే పైనుంచి కాదు, నా కాళ్ల కింద నుంచి వస్తోంది. దిగొచ్చి చూస్తే తిండి అక్కడే ఉంది, ఫోన్లు బుట్టలో మోగుతున్నాయి, మనుషుల్లేరు..." అని గడగడా అంటూ, నా ఒళ్లోని మనిషిని చూసి ఆగిపోయింది. "అయ్యో, సారుకేమైంది?"

"ఆ బుట్టలో బిళ్లలున్నాయి తల్లీ. పంచదార ఉంటే నీళ్లలో కలిపి ఇటు తే."

ఎందుకని అడగలేదు. బట్టలన్నీ అక్కడే నేలమీద వదిలేసి పరుగెత్తింది. బిళ్లను పొడి చేసి అతని చిగుళ్లకు రుద్దాను. టీ కాచుకునే చోట పంచదార డబ్బా ఉందట, గ్లాసు నిండా పాకంలా కలిపి తెచ్చింది. తల ఎత్తి పట్టుకుని, మింగుతున్నాడో లేదో గొంతు మీద వేళ్లు పెట్టి చూస్తూ, కొంచెం కొంచెంగా తాగించాం. సగం చొక్కా మీద పోయింది. మిగిలిన సగం చాలింది. కాసేపటికి కళ్లు తిప్పి ముందు ఆమెను, తరవాత నేల మీది బట్టలను చూశాడు.

"ఈ గదిలో బట్టలెవరు ఆరేశారు?" అన్నాడు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వబోయాను, అది నవ్వుగా రాలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

క్యారేజీ విప్పి ముద్దలు కలిపి చేతిలో పెట్టాను. వరండాలో నేల మీద కూర్చుని తిన్నాడు. సగం తిన్నాక వాళ్లావిడ ఫోను. నేనే ఎత్తాను.

"అన్నయ్యా, ఎన్నిసార్లు చేశానో! ఆయన తిన్నారా?"

"తింటున్నాడమ్మా."

"ఇప్పుడా! సూదెప్పుడు వేసుకున్నారు? ఒకసారి ఇవ్వండి ఆయనకి."

ఇచ్చాను. ఆమె ఏమందో నాకు వినబడలేదు గానీ అతను నమలడం ఆపి, "ఊఁ... ఊఁ... తప్పే... ఊఁ" అంటూ చాలాసేపు విన్నాడు. ఫోను పెట్టేశాక అడిగాడు:

"చిరిగిందా?"

"చిరిగింది."

"గిలగిల?"

"లేదు. నేనే కల్పించాను."

ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి నన్ను చూశాడు. "నువ్వు అబద్ధమాడితే అక్క కంచం పెట్టేలోపు పట్టేసేది. నేను పట్టలేకపోయానంటే నిజంగానే పోయే స్థితిలో ఉన్నానన్నమాట."

"మాట్లాడకుండా తిను."

తిన్నాడు. గీకి గీకి తిన్నాడు.

ఆమె బట్టలు ఏరుకుంది. కొన్నిటికి దుమ్మంటింది. "ఇవి మళ్లీ జాడించాలి" అని సణుక్కుని, మిగతావి భుజాన వేసుకుంది. "సారూ, ఇంకోసారి ఉరిమేట్టయితే కాస్త ముందు చెప్పండి" అంటూ డాబా మెట్లెక్కింది. దుప్పటి ఒకటి జారి మెట్ల మీద పడింది. అది ఎత్తుకుని నేను వెనకాలే వెళ్లాను. కళ్లు చెదిరే ఎండ. అంత ఆకాశాన్ని ఒకేసారి చూసి నాకు తల తిరిగినట్టయింది. దుప్పటికి చెరో కొస పట్టుకుని పిండి, తీగ మీద వేశాం. కింద వీధిలో బస్సు బ్రేకు కీచుమంది. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. ఏదో ఇంట్లో గిన్నె కింద పడి దొర్లింది.

వెనక్కి తిరిగి చూస్తే మా బావమరిది మెట్ల కొసన ఉన్నాడు, పిట్టగోడ పట్టుకుని, మొహం కడుక్కున్న తడితో.

"నిన్నెవరు లేవమన్నారు?"

వచ్చి నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నాడు. తడి దుప్పటి గాలికి ఫట్‌మని కొట్టుకుంది. అతను కళ్లు మూసుకున్నాడు. నాకు మళ్లీ అనుమానం వచ్చింది. దగ్గరికి వెళ్లి నుదురు తాకాను. చెమట లేదు.

"ఏం వింటున్నావు?"

"ఏమీ వినట్లేదు బావా" అన్నాడు. "ఊరికే కూర్చున్నాను."